దెయ్యం సినిమా వచ్చిన వేసవి

అరవై ఎనిమిదో సంవత్సరం వేసవిలో చీపురుపల్లి స్టేషను అవతల ఖాళీ పొలంలో టూరింగ్ టాకీసు డేరా వేశారు. అందులో దెయ్యం సినిమా పడింది. ఊళ్ళో ఆడవాళ్ళకి ఇంక వేరే కబుర్లు లేవు. కిరాణా కొట్టు నరసింగరావు భార్య తాయారు కూడా మొదటి ఆటకి వెళ్ళింది. పాడుబడ్డ బంగళాలోంచి తెల్లచీర మనిషి జుట్టు విరబోసుకుని ఉయ్యాల వైపు నడిచొస్తుంటే పక్కన కూర్చున్నావిడ చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. ఇంటికొచ్చాక పెరట్లోకి వెళ్ళడానికి మొగుణ్ణి దీపం పట్టుకుని తోడు రమ్మంది.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళ అరుగు మీద అందరూ చేరారు. ఏ సినిమాకి ఎవరు ఎక్కువ జడుసుకున్నారన్నదే మాట. తాయారు అత్తగారు కన్యకాపరమేశ్వరి, తను కొత్తకోడలిగా ఉన్నప్పుడు విజయనగరం హాల్లో చూసిన రాక్షసుడి ముందు ఏదీ చాలదంది. ఆ దెబ్బకి ఆవిడకి జ్వరం కూడా కాసిందట. మజ్జిగమ్మే అసిరమ్మ ఒప్పుకోలేదు. రాక్షసుడైతే కోరలూ కొమ్ములూ చూసి దూరం నుంచే పారిపోవచ్చు, నిన్నటిది మనింట్లో మనిషిలాగే ఉంది, దాన్నుంచి ఎటు పారిపోతామని ఆవిడ వాదన. పక్కింటి జగ్గమ్మ ఆ మాటకి తలూపి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

జగ్గమ్మ కోడలు పద్మకుమారి ఓ పక్కగా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఇంకా ఇరవై నిండని పిల్ల. చలికాలంలో పురిట్లోనే బిడ్డ పోయింది. అప్పట్నించీ పలకరిస్తే తప్ప మాట లేదు. ఆ రోజు మాత్రం ఎవరూ అడక్కుండానే నోరు విప్పింది.

"అది బిడ్డ కోసం వస్తాది కదా. అందల భయమేటున్నాది?"

అని నవ్వింది. చిన్న నవ్వే. కానీ ఎక్కడ ఆపాలో తెలియనట్టు, కళ్ళ వెంట కారుతున్న నీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది. జగ్గమ్మ కోడల్ని రెక్క పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయింది. వాళ్ళు వెళ్ళాక అసిరమ్మ గొంతు తగ్గించి, సినిమాలోది కూడా అచ్చం ఇలాగే నవ్విందంది. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. తాయారుకీ రాలేదు.

ఆ తరవాత పద్మకుమారి కనిపించలేదు. అడిగితే, కోటబొమ్మాళిలో పుట్టింటికి వెళ్ళిందని జగ్గమ్మ చెప్పింది. కొడుకు జగన్నాధం బెల్లం లోడుతో ఒరిస్సా వైపు వెళ్ళాడు, ఇప్పట్లో రాడు. కన్నవాళ్ళ దగ్గరుంటే పిల్ల కుదుటపడుతుందిలే అనుకుంది తాయారు.

రెండిళ్ళ పెరళ్ళకీ నడుమ ఛాతీ ఎత్తు మట్టిగోడ ఉంది. ఓ మిట్టమధ్యాహ్నం తాయారు వడియాలు పెడుతుంటే గోడ అవతల గీకుతున్న చప్పుడు వినిపించింది. చెక్క మీద గోరు. కాసేపు గీకి ఆగింది. మళ్ళీ గీకింది. పందికొక్కేమో అనుకుంది. అంతలో సన్నగా ఒక మూలుగు, సగంలో తెగిపోయిన జోలపాటలాగా. పిండిగిన్నె అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తి గడియ పెట్టుకుంది. బయట ఎండ మండిపోతోంది. గిన్నెలో పిండి ఎండిపోతున్నా తాయారు మళ్ళీ తలుపు తీయలేదు.

సాయంత్రం గోడ దగ్గర జగ్గమ్మ కనిపిస్తే, నీకేమైనా వినబడుతోందా అనడిగింది. జగ్గమ్మ వెనక్కి తిరిగి తన ఇంటివైపు చూసుకుంది.

"ఇనబడినా ఇననట్టుండు తాయారూ. పలికినావంటే నీ ఎనకాలే వచ్చీస్తాది."

దెయ్యాలు దింపే నూకయ్యకి కబురు పెట్టాననీ, అతను వచ్చేదాకా ఇటు తొంగి చూడవద్దనీ చెప్పింది. చెబుతుంటే ఆవిడ చేతిలో చేట వణికి నూకలన్నీ కిందపడ్డాయి. ఆ వణుకు చూశాక తాయారుకి నిజంగా భయం పట్టుకుంది. మొగుడితో చెబితే, ముందు ఆ సినిమాలు మానమన్నాడు. తాయారు పెరటి తలుపు తీయడం మానేసింది. బట్టలు వీధివైపు ఆరేసింది. అయినా వంటింట్లో నిలబడితే ఆ గీకుడు వినపడేది, రోజురోజుకీ నీరసంగా. ఒక రోజు అసలే వినపడలేదు. పీడ వదిలిందని సంతోషించాల్సింది. పొద్దుటినుంచీ ఆమె చెవులు మాత్రం ఆ చప్పుడు కోసమే వెతుక్కున్నాయి.

ఆ రోజే పాసింజరు దిగి ఒక పెద్దాయన వాళ్ళ అరుగెక్కాడు. చేతిలో మామిడిపళ్ళ బుట్ట. మంచినీళ్ళడిగి తాగి, పక్కింటికి తాళం ఉందేమనీ, వాళ్ళెక్కడికి వెళ్ళారనీ అడిగాడు. మీరెవరంది తాయారు.

"నాను నారాయణమూర్తిని తల్లీ, పద్మకుమారి తండ్రిని. కోటబొమ్మాళి నుంచి వస్తన్నాను. మా గుంటని సూసి శానాళ్ళయిపోనాది."

ఆ మాట తాయారుకి వెంటనే బుర్రకెక్కలేదు. ఎక్కాక చేతిలో చెంబు జారి మెట్ల మీదుగా దొర్లిపోయింది. పిల్ల కోటబొమ్మాళిలో లేదు. మరి ఎక్కడుంది? ఇన్నాళ్ళూ గీకిన గోరు ఎవరిది? అది ఇవాళ ఎందుకు ఆగింది? డేరాలో చూసినదేదీ దీని ముందు చాలదు.

"రండి బాబాయ్," అని మాత్రం అనగలిగింది.

పెరట్లోకి నడిచి, చీర ఎగదోపుకుని గోడెక్కి అవతలికి దిగింది. పెద్దాయన బుట్ట వదలకుండానే రొప్పుతూ వెనకాలే దిగాడు. జగ్గమ్మ ఇంటి వెనకగది గొళ్ళేనికి పసుపుతాడూ వేపరొట్టా కట్టి ఉన్నాయి. గడప పొడుగునా కుంకుమ. తాయారు చెయ్యి గొళ్ళెం దాకా వెళ్ళి ఆగిపోయింది. లోపలున్నది ఎవరో బుద్ధికి తెలుసు, ఒంటికి తెలియడం లేదు. చచ్చిపోయి ఉంటే? బతికే ఉన్నా, తానెరిగిన మనిషి కాకపోతే? కళ్ళు మూసుకుని తాడు తెంపి గొళ్ళెం లాగింది.

పుల్లటి వాసన గుప్పున కొట్టింది. మూల చీకట్లో తెల్లగా ఏదో కదిలింది. మొహమంతా కప్పేసిన జుట్టుతో, నేల మీద చేతులానించి, ఆ ఆకారం గడప వైపు పాక్కుంటూ రాసాగింది. తాయారు వెనక్కి జరిగింది. పారిపోదామనే జరిగింది.

"తాయారక్కా," అంది ఆ ఆకారం. గొంతు పీచులా ఎండిపోయి ఉంది. "ఎలుగు కళ్ళల్ల పొడస్తన్నాది. తలుపు కొంచెం దగ్గరికెయ్యవా."

తాయారు తలుపు వెయ్యలేదు. లోపలికి వెళ్ళి తన కొంగు ఆ పిల్ల కళ్ళ మీద కప్పి, తల ఒళ్ళో పెట్టుకుంది. పెదాలు పగిలి నెత్తురు కట్టాయి. గోళ్ళు అరిగిపోయాయి. తండ్రి గుమ్మంలోనే కూలబడ్డాడు. తాయారు కేకకి కన్యకాపరమేశ్వరి గంజి తెచ్చి గోడమీంచి అందించింది. గుక్క గుక్కకీ ఆగుతూ పద్మకుమారి చెప్పింది. కడుపు మాడిస్తే లోపలిది వదిలిపోతుందని నూకయ్య కబురంపాడట. పూటకో గ్లాసు వేపనీళ్ళూ, ఎప్పుడైనా గుప్పెడు అటుకులూ తప్ప అత్త ఏమీ ఇవ్వలేదు.

జగ్గమ్మ నూకయ్యని వెంటబెట్టుకొచ్చేసరికి వీధి నిండా జనం. నూకయ్య సందులోనుంచే వెనక్కి తిరిగాడు. జగ్గమ్మ వియ్యంకుడి ఎదుట నిలబడింది.

"సంపీద్దామని కాదన్నయ్యా. అది నవ్వితే నాకు భయమేసినాది. ఇంట్ల ఒక్కదాన్నే ఉన్నాను, భయమేసినాది."

నారాయణమూర్తి ఆవిడ వైపు చూడలేదు. డాక్టర్ని పిలిచి సూది మందు వేయించి, కాస్త ఓపిక రాగానే సాయంత్రం బండికి కూతుర్ని ఎత్తుకుని తీసుకుపోయాడు. ఆ పిల్ల కోలుకోడానికి వానాకాలమంతా పట్టింది. జగన్నాధం తిరిగొచ్చి సంగతి విని, తల్లితో మాట్లాడకుండా కోటబొమ్మాళి వెళ్ళి అక్కడే బియ్యం మిల్లులో కుదిరిపోయాడు. మామిడిపళ్ళు జగ్గమ్మ గుమ్మంలోనే కుళ్ళిపోయాయి.

అదంతా తరవాతి మాట. బండి వెళ్ళిన ఆ సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి జగ్గమ్మ గోడ దగ్గరికొచ్చి నిలబడింది. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాననీ, ఈ పూటకి తన ఇంటికొచ్చి తోడు పడుకోమనీ అడిగింది. తాయారుకి నోటికొచ్చినట్టు తిట్టాలనిపించింది. ఆవిడ వెనక బార్లా తెరిచున్న గది కనిపిస్తోంది. జగ్గమ్మ మాటిమాటికీ తల తిప్పి దాన్నే చూసుకుంటోంది.

"నాను ఆ ఇంట్లకి రాను పిన్నీ. నువ్వే మా అరుగు మీదికి రా," అంది తాయారు.

జగ్గమ్మ చాప తెచ్చుకుంది. ఆ గది తలుపు మూసొచ్చావా అని తాయారు అడగలేదు.