ఓకే అయిన టేక్

‘గొడుగు’ అన్న మాట స్ఫూర్తికి మంగళవారం పోయింది. ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్‌లో మైకు ముందు నిలబడి, “వానొస్తోంది నాన్నా…” అని ఆగిపోయింది. కాగితం మీద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. రోజూ చేతిలో ఉండే వస్తువే. ఎండ పడని లూపస్ జబ్బు అని తేలిన ఈ నాలుగేళ్లలో అది లేకుండా ఎండలోకి అడుగు పెట్టలేదు. అయినా పేరు నోటికి రాలేదు. కాసేపటికి ఎలాగో పలికింది. ఆ మాట దగ్గర తెరమీద నటి వెనక్కి తిరిగి ఉంది కాబట్టి పెదవులు కలవలేదన్న గొడవ లేదు. అద్దం అవతల నుంచి డబ్బింగ్ ఇన్‌చార్జి అచ్యుతరామయ్య చెయ్యెత్తాడు. “అదిరిందమ్మా ఆ గ్యాప్! ఏడుపు ఆపుకున్నట్టే ఉంది. ఓకే, నెక్స్ట్.”

ఆ వారంలోనే ఇంట్లో ఆమె కుడిచేతిలోంచి పళ్లెం జారింది. స్టవ్ ముందు నిలబడి, ఎందుకొచ్చిందో మరిచిపోయింది. “ఎండ పడదంటివి, ఇప్పుడు మాట గూడ పడ్తలేదా?” అంది అత్త కొమురమ్మ. భర్త జగదీశ్ ఫోన్‌లోంచి తలెత్తలేదు. “పొద్దంతా గదే యాక్టింగ్, ఇంట్ల గూడ ఎందుకే? జర చాయ్ పెట్టు.” పెట్టింది. తల పగిలిపోతోందని చెప్పాలనుకుంది. తడబడితే నవ్వుతారని ఆ ఒక్క వాక్యాన్నీ లోపలే రెండుసార్లు చెప్పుకుని చూసుకుంది. చివరికి చెప్పకుండానే కప్పులు కడిగింది.

సోమవారం అచ్యుతరామయ్యను ఆ టేక్ ఫోన్‌లోకి పంపమని అడిగింది.

“దాచుకుంటావా అమ్మా?”

“డాక్టరమ్మకు వినిపియ్యాలె సార్. అది యాక్టింగ్ కాదు.”

ఆయన ముఖం పాలిపోయింది. వెంటనే టేక్ పంపాడు.

బంజారా హిల్స్ ఆస్పత్రిలో ఆమె లూపస్‌కు మందులిచ్చే డాక్టరమ్మ అది రెండుసార్లు విని, అప్పటికప్పుడు స్కానింగ్ తీయించింది. “లూపస్ వల్ల మెదడులో రక్తనాళాలు వాచాయమ్మా. కొన్నిచోట్లకు రక్తం సరిగ్గా అందలేదు. ఇవాళే చేర్చుకుని మందు ఎక్కించాలి. పోయిన మాటలన్నీ తిరిగొస్తాయని మాత్రం చెప్పలేను. తోడు ఎవరొచ్చారు?”

“ఎవరూ రాలే మేడమ్. నేనే సంతకం పెడత.”

ఒక్కో అక్షరమూ చూసుకుంటూ పెట్టింది. వార్డులో మంచం చూపించేసరికి ఫోన్ మోగింది. “యాడున్నవే? అమ్మకు ఆకలైతుందంట” అన్నాడు జగదీశ్.

“ఇయ్యాల అన్నం నువ్వే వండు.”

మాట ఎక్కడా తడబడలేదు. ఫోన్ పెట్టేసి, నర్సుకు చేయి చాపింది. ఆస్పత్రిలో చేరినట్టు ఇంట్లో ఇంకా చెప్పలేదు.