రాని పొగ

"ఆ మంచం కాస్త పక్కకి జరపండమ్మా, ఫోటోలో పడుతోంది," అన్నాడు కంపెనీ ఆఫీసరు.

మంచం మీద ఏడేళ్ళ పిల్ల ఊపిరందక దగ్గుతోంది. తండ్రి లేని పిల్ల. తల్లి ఫ్యాక్టరీ బాయిలర్ కింద బూడిద ఎత్తుతుంది, అందుకే కాలనీ అంతా ఆమెను బూడిదక్క అంటారు. ఆమె మంచం జరిపి, కంపెనీ ఉచితంగా ఇచ్చిన పొగరాని పొయ్యి పక్కన నిలబడింది. రేపు తనిఖీ అధికారి వస్తాడు, అందరూ దీని మీద వేలిముద్రలు వెయ్యాలి అని ఒక కాగితం చేతిలో పెట్టి ఆఫీసరు వెళ్ళిపోయాడు. మంచం జరిపినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం కుళాయి దగ్గర యూనియన్ సెక్రటరీ ఆ కాగితం చదివి విడమరిచి చెప్పాడు. ప్రభుత్వం పొగకి హద్దు పెట్టింది. హద్దు దాటిన కంపెనీ పాత బొగ్గు బాయిలర్ మార్చాలి, లేదా ఇంకొకరు తగ్గించిన పొగని కొనుక్కుని తనదిగా చూపించుకోవాలి. వేలిముద్ర వేస్తే ఈ పొయ్యిల వల్ల తగ్గిన పొగంతా కంపెనీ లెక్కలోకి పోతుంది. ఏం తెలివి!

"అంటే మన పొయ్యిల్లో రాని పొగంతా వాళ్ళ గొట్టంలోంచి వస్తోందన్నమాట," అంది బూడిదక్క.

"తొందరపడకమ్మా. పొగకి ధర కట్టకపోతే ఏ కంపెనీ దారికి రాదు. చట్టం మంచిదే, వీళ్ళే దొంగదారి పట్టారు. పిటిషన్ పెడదాం," అన్నాడు సెక్రటరీ.

"ధర కట్టారుగా! కొనుక్కున్నవాడు దర్జాగా వదులుతున్నాడు. పీల్చేది మనం."

పక్కింటి కుట్టుమిషన్ పెద్దమ్మ కస్సుమంది. "అయితే పొయ్యి తిరిగిచ్చెయ్యాలా? ముప్పై ఏళ్ళు కట్టెల పొగలో కళ్ళు కాల్చుకున్నదాన్ని!"

"పొయ్యి ఉంచుకో పెద్దమ్మా. నీకొచ్చిన సుఖాన్ని వాళ్ళకి రాసివ్వకు, అంతే."

పెద్దమ్మ మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు తనిఖీ అధికారి బూడిదక్క గుమ్మం ముందు ఇంకు పెట్టె తెరిచాడు. బూడిదక్క బొటనవేలు లోపలికి మడిచి గుప్పిట బిగించింది. "బాయిలర్ మార్చేదాకా వెయ్యం." వెనక ఆడవాళ్ళు ఒక్కొక్కరే గుప్పిళ్ళు బిగించారు. అరగంటలో పోలీసు జీపు వచ్చింది. ప్రభుత్వ పనికి అడ్డుపడిందని ఆమెను రెక్క పట్టుకుని లాగారు.

ఆఫీసరు దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "వేలిముద్ర వేసెయ్. నీ కూతుర్ని మా ఆస్పత్రిలో చేర్పిస్తా. నువ్వు లోపలికి పోతే దాన్నెవరు చూస్తారు?"

 ఇంట్లోంచి పిల్ల దగ్గు ఆగి ఆగి వినిపిస్తోంది. ఆమె వేళ్ళు వదులయ్యాయి. తల్లి ప్రాణం మరి, ఎవరు తప్పు పట్టగలరు?

ఆ చేతిని కుట్టుమిషన్ పెద్దమ్మ రెండు చేతులతో మూసేసింది.

"విప్పావంటే చంపేస్తా. పిల్లని మేం మోసుకెళ్తాం, పెద్దాస్పత్రికి. పోయిరా!"

జీపు కదిలింది. పెద్దమ్మ పిల్లని భుజానికెత్తుకుంది. ఆడవాళ్ళంతా ఆమె వెంట నడిచారు. ఫ్యాక్టరీ గేటు ముందు నుంచి వెళ్తుంటే షిఫ్టుకి వచ్చిన మగవాళ్ళు చూశారు. బొగ్గు వేసేవాళ్ళు పారలు కింద పడేశారు. పిటిషన్ రాసుకొచ్చిన సెక్రటరీ దాన్ని జేబులో కుక్కుకుని వరసలో కలిశాడు.

ఆ పూట బాయిలర్ కింద బూడిద ఎత్తడానికి ఎవరూ వెళ్ళలేదు.