ఆయ్ అన్నవారిదే గెలుపు

నేను ఒక మైకును. శాసనసభలో పనిచేసినదాన్ని కాబట్టి ముందుగా ఒక అభ్యంతరం లేవనెత్తుతాను. జనం నన్ను నోరనుకుంటారు. ఎవడైనా ఎక్కువ మాట్లాడితే "వాడికి మైకు ఇవ్వకండ్రా బాబూ" అంటారు, అక్కడికి ఆ మాటలన్నీ నేనే పుట్టించినట్టు! నేను నోరు కాదు మహాప్రభో, చెవిని. వినడమే నా పని. ఈ రాష్ట్రంలో నేను విన్నంత అబద్ధం ఇంకెవరూ విని ఉండరు. అయినా నాకు చెవుడు రాలేదంటే నన్ను తయారుచేసినవాళ్ళ చేతి గట్టిదనమే కారణం.

నేను పుట్టింది ఒక రేకుల షెడ్డులో. ఆడపిల్లలు వరసగా బల్లల ముందు కూర్చుని, వెంట్రుకలంత సన్నటి తీగలు అతికించే చోటు. నన్ను పరీక్ష చేసిన అమ్మాయి నా దగ్గర మూతి పెట్టి "హలో, హలో, అన్నం తిన్నావా?" అంది. ఆ తర్వాత సభలో ఎన్ని ప్రశ్నోత్తరాల సమయాలు గడిపానో లెక్కలేదు గానీ, అంత ఆప్యాయంగా అడిగిన ప్రశ్న మళ్ళీ వినలేదు.

సభలో నా మొదటి యజమాని అధికారపక్షం ఆయన. పాపం మంచివాడు, నిద్రపోయేవాడు. నేను ఆయన గురక తప్ప ఇంకేమీ వినలేదు. తర్వాత వచ్చినాయన ప్రతిపక్షం. ఒకరోజు "ప్రజాస్వామ్యం ఖూనీ అయిపోయింది అధ్యక్షా" అని అరుస్తూ నా మెడ పట్టుకుని విరిచేశాడు. ప్రజాస్వామ్యం సంగతి నాకు తెలియదు, ఖూనీ అయినదాన్ని నేను. సిబ్బంది వచ్చి నల్ల టేపు చుట్టి మళ్ళీ నిలబెట్టారు. అప్పట్నించి నా తల కొంచెం ఎడమకీ, మాట్లాడేవాళ్ళు గట్టిగా ఊపితే కొంచెం కుడికీ వాలేది. అందుకేనేమో, ఆ తర్వాతి ఎన్నికల్లో నేను నడిమింటి అబ్బులుగారి వాటాకు వచ్చాను.

ఆ ఎన్నికల్లో ఎవరికీ పూర్తి మెజారిటీ రాలేదు. అటువాళ్ళు కొందరు, ఇటువాళ్ళు కొందరు, మధ్యలో ఓ ఏడుగురు. ఈ ఏడుగురూ కలిసి 'సమతుల్య శాసనసభాపక్షం' అని పేరు పెట్టుకుని, అబ్బులుగారిని నాయకుణ్ణి చేసుకుని, మధ్య వరసలో కూర్చున్నారు. వీళ్ళు ఎటు మొగ్గితే బిల్లు అటు. రాష్ట్రం మొత్తం వీళ్ళ వైపే చూస్తుంటే, వీళ్ళు ఇద్దరి వైపూ చూస్తూ ఉండేవారు.

మొదటి సమావేశంలోనే అబ్బులుగారు తమ పక్షం ప్రాధాన్యాలు చదివారు. "విద్య మా మొదటి ప్రాధాన్యం. వైద్యం కూడా మా మొదటి ప్రాధాన్యమే. సాగునీరూ మొదటిదే, తాగునీరూ మొదటిదే." రోడ్ల దగ్గరకి వచ్చేసరికి ఒక సభ్యుడు లేచి "మరి రెండోది ఏదండీ?" అని అడిగాడు. ఏదైనా ఒకదాన్ని రెండోదంటే దాని తాలూకు జనం నొచ్చుకుంటారు కదా అన్నారు అబ్బులుగారు. నిజంగానే అన్నారు. మనిషి అంత మెత్తన.

ప్రభుత్వాన్ని విమర్శించడంలోనూ అంతే. ఆయన ప్రకటనలు రాసిపెట్టేది పక్క సీట్లోని లాయరు జనార్దనం. ఆయన కలంలో సిరాకంటే 'అయితే'లు ఎక్కువ. "ఈ ప్రభుత్వం మొద్దు నిద్ర పోతోంది. అయితే, నిద్ర ఆరోగ్యానికి మంచిదన్న వాస్తవాన్ని మా పక్షం విస్మరించడం లేదు." ఇది నా చెవుల్లో పడ్డ మాట, కల్పించింది కాదు. మంత్రులు ముందు సగానికి మొహం ముడుచుకుని, వెనక సగానికి బల్లలు చరిచేవారు. ప్రతిపక్షం దాన్నే తిరగేసి చేసేది. అందరూ సంతోషంగా ఇళ్ళకి పోయేవారు.

అబ్బులుగారిది గోదావరి దిగువ. అక్కడి మర్యాద ఒకటి మీకు చెప్పాలి. పెద్దవాళ్ళు పిలిస్తే "ఆయ్" అంటారు. కూర్చోమంటే ఆయ్, లెమ్మంటే ఆయ్, మీ ఇల్లు తగలబడిందంటే కూడా ముందు ఆయ్, తర్వాతే పరుగు. అందులో ఒప్పుకోవడమేమీ లేదు, తమరు చెప్పింది వింటున్నామని అర్థం. ఇదిలా ఉండగా మా సభాపతిగారిది మరో జిల్లా, మరో పట్టుదల. పాత ఇంగ్లీషు సంప్రదాయం మీద ఆయనకి వల్లమాలిన ప్రేమ. ఓటింగు వచ్చినప్పుడు "అనుకూలురు ఆయ్ అనండి, వ్యతిరేకులు నో అనండి" అనేవారు. అవును, కాదు అంటే ఆయనకి తృప్తిగా ఉండేది కాదు.

ఇలా ఉండగా ప్రభుత్వం 'ఆరోగ్య కేంద్రాల హేతుబద్ధీకరణ' బిల్లు తెచ్చింది. పేరు విని కంగారుపడకండి. కాన్పులు తక్కువగా జరిగే పల్లె ఆసుపత్రుల్లో కాన్పుల వార్డులు మూసేసి, అందర్నీ పట్నం రమ్మనడం, అంతే. మూసే వాటిలో చింతలంక వార్డు ఒకటి. ఆ లంక గోదావరి పాయల మధ్య ఉంటుంది. పడవ దాటితే తప్ప రోడ్డు లేదు. అక్కడి ఎమ్మెల్యే కామాడి మరిడమ్మ, ఈ ఏడుగురిలో ఒక్కతే ఆడమనిషి, సభకి కొత్త. సభ వాయిదా పడినప్పుడు ఆమె అబ్బులుగారి బల్ల దగ్గరకి వచ్చి నిలబడింది. నా ఎర్రదీపం ఆరి ఉంది. దీపం ఆరితే నాకు వినపడదని అందరి నమ్మకం.

"మా చెల్లి పడవలోనే పోయిందండి, ఏటి మధ్యలో," అంది మరిడమ్మ. "నా ఒళ్ళోనే పోయింది. ఆ వార్డు తెచ్చుకోడానికి మా లంకోళ్ళు ఎంతమంది కాళ్ళు పట్టుకున్నారో నాకు తెల్సు. మీరు నో అంటే బిల్లు పోద్దండి. ఒక్క మాటండి, అంతే."

అబ్బులుగారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ నీళ్ళు కావు, నేను ప్రమాణం చేస్తాను. ఆయన జనార్దనం వైపు చూశారు. జనార్దనం అప్పటికే సవరణ రాసేశాడు.

"పూర్తిగా వ్యతిరేకిస్తే తీవ్రవాదం అవుతుందండి. పూర్తిగా ఒప్పుకుంటే లొంగుబాటు. వార్డు రోజు విడిచి రోజు తెరవాలని కోరదాం."

"రోజిడిసి రోజేంటండీ జనార్దనంగారూ?" అంది మరిడమ్మ. "కాన్పులేమన్నా మీ సవరణ సదూకుని వత్తాయేంటండీ? నొప్పులొచ్చినదాన్ని రేపటిదాకా ఆగమ్మా, ఇయ్యాల మధ్యేమార్గం అని సెప్పమంటారా?"

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. అబ్బులుగారు చివరికి సవరణ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "లేదమ్మా. నేను వ్యతిరేకిస్తాను. మాటిస్తున్నాను," అన్నారు. మరిడమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

సభ మొదలైంది. అబ్బులుగారు లేచారు. సభాపతికి నమస్కారం, ముఖ్యమంత్రికి అభినందన, ప్రతిపక్ష నాయకుడికి శుభాకాంక్షలు, గోదావరి తల్లికి వందనం. ఆరోగ్య శాఖ సాధించిన ప్రగతి కొంత, సాధించని ప్రగతి కొంత. చెప్పవయ్యా, ఆ ఒక్క ముక్కా చెప్పు అని నేను లోపల్లోపల కొట్టుకుంటున్నాను. "కాబట్టి మా పక్షం ఈ బిల్లును..." అన్నారో లేదో గంట మోగింది, సమయం అయిపోయిందని నా దీపం ఆర్పేశారు. ఆయన 'వ్యతిరేకిస్తోంది' అన్న మాట ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ వినపడలేదు.

ఓటింగు పెట్టారు. అటు ఆయ్ అని కేకలు, ఇటు నో అని కేకలు. రెండూ సమానంగా ఉన్నాయి. సభాపతిగారు తల గోక్కుని, మధ్య వరస వైపు తిరిగారు. నా దీపం వెలిగింది. మీ పక్షం ఎటు అని అడగబోతూ, ముందు పేరు పెట్టి పిలిచారు.

"అబ్బులుగారూ!"

"ఆయ్!" అన్నారు అబ్బులుగారు, సగం లేచి, చేతులు జోడించి.

"ఆయ్ అన్నవారిదే గెలుపు. బిల్లు ఆమోదం పొందింది," అన్నారు సభాపతి. అధికారపక్షం బల్లలు బద్దలయ్యేలా చరిచింది.

మరిడమ్మ ఒక్క గెంతున లేచింది. "అయ్యబాబోయ్, అది ఒప్పుకోలు కాదండీ! పిలిత్తే పలకడమండీ! మా వైపు మర్యాదండీ అది!"

"మర్యాదను రికార్డుల్లోంచి తొలగించే నిబంధన లేదమ్మా," అన్నారు సభాపతి. అంతలో ఆయనకే ఏదో తోచినట్టుంది, పాపం. "మీ నాయకుణ్ణి చెప్పమనండి. అబ్బులుగారూ, ఓట్లు లెక్కపెట్టమంటారా?"

లెక్కపెట్టండి అంటే చాలు. దీపం వెలుగుతోంది, గంట మోగే ప్రమాదం లేదు. జనార్దనం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గొణిగాడు: "ఇప్పుడు కాదంటే మాట మార్చారంటారండి. ఊరుకుంటే మంత్రిగారు మన ఊరి బైపాస్ రోడ్డు సంగతి చూస్తానన్నారు." అబ్బులుగారు మరిడమ్మ మొహం చూశారు, మంత్రి మొహం చూశారు, చివరికి నా మొహం చూశారు.

"సభ ఎలాగంటే అలాగేనండి," అన్నారు.

నాకు చెయ్యి ఉంటే ఏం చేసి ఉండేదాన్నో చెప్పను. ఇంతకుముందు నా మెడ విరిచిన పెద్దమనిషి మీద ఆ రోజు మొదటిసారి గౌరవం కలిగింది. సాయంత్రానికి జనార్దనం ప్రకటన తయారు: "మేము వ్యతిరేకించిన బిల్లు మా మద్దతుతో ఆమోదం పొందడం ప్రజాస్వామ్య పరిణతికి నిదర్శనం. అయితే, దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాం." మరిడమ్మ ఆ పక్షం నుంచి బయటికి వచ్చేసి, వెనక వరసలో ఓ మూల ఒంటరిగా కూర్చుంది.

తర్వాత సభలో కొత్త మైకులు పెట్టారు. వాటిని తాకితే చాలట. మమ్మల్ని గోనెసంచుల్లో కట్టి పాత సామాన్లవాడికి తోలేశారు. అక్కణ్ణించి నన్ను ఏరుకున్నవాడు మైకుసెట్టు ఏసుపాదం. పెళ్ళిళ్ళకీ ప్రార్థనలకీ సెట్టు అద్దెకిచ్చే మనిషి. నా టేపు ఊడదీసి, అతుకుపెట్టి, "అబ్బో, అసెంబ్లీ సరుకు" అని మురిసిపోయాడు. అతనిది చింతలంకే.

వార్డుకి తాళం పడ్డాక లంకలో ఎవరికి నొప్పులొచ్చినా అవతలి గట్టునుంచి పడవ పిలవాలి. అరిస్తే వినపడదు, ఫోను ఒకసారి అందితే రెండుసార్లు అందదు. మరిడమ్మ అడిగితే ఏసుపాదం నన్ను రేవులో వెదురుగడకి కట్టి, పైన బాకా బిగించాడు. అలా వచ్చి పడ్డాను నిజమైన ఉద్యోగంలోకి. ఇక్కడ నా ముందు నిలబడేవాళ్ళకి గౌరవనీయులూ తెలియదు, అభినందనలూ తెలియవు. "ఓ పడవా! ఆడమనిషండోయ్, బేగి రా!" అంటారు. అవతల చుక్కాని కదులుతుంది. చెప్పిన మాటకి పని జరగడం నా జన్మలో అదే మొదటిసారి చూడటం. కొన్నాళ్ళు నాకు గర్వంగా కూడా ఉండేది.

శ్రావణంలో ఏరు పొంగింది. నాటు పడవలన్నీ గట్టుకి కట్టేశారు. అలాంటి రోజు పొద్దున్నే పెద్ద లాంచీ వేసుకుని అబ్బులుగారు లంకలో వరద పరామర్శకి దిగారు. వెంట జనార్దనం, చేతిలో కాగితం. జనం రేవులో పోగయ్యారు. అబ్బులుగారు నా ముందుకి వచ్చారు. నన్ను గుర్తుపట్టలేదు. "వరద సహాయంలో ఈ ప్రభుత్వం ఘోరంగా విఫలమైంది," అని మొదలుపెట్టారు. "అయితే, వరద కూడా ఈసారి అంచనాకు మించి వచ్చిందన్నది మనం ఒప్పుకోవాలి..."

అంతలో వెనక గోల. మంచం మీద మాలక్ష్మి అనే నిండు చూలాలిని మోసుకొస్తున్నారు. తొలి కాన్పు. చీర తడిసి ఎర్రగా ఉంది. మరిడమ్మ మంచం పక్కనే పరుగెత్తుకొచ్చింది.

"అబ్బులుగారూ, లాంచీ ఇవ్వండి. రక్తం ఆగట్లేదండి."

"ఆయ్, తప్పకుండా తల్లీ," అన్నారు అబ్బులుగారు. జనార్దనం ఆయన చెవిలో ఏదో అన్నాడు. "ఒక్క రెండు పేరాలు, ఇది చదివేసి... విలేకరులు వచ్చారు కదా పాపం. ఎలాగూ మేం అవతలికే కదా, అందరం కలిసే వెళ్దాం."

ఆయన చదవసాగారు. ఆసుపత్రుల గురించిన పేరా కూడా ఉంది అందులో. పల్లె వైద్యాన్ని ప్రభుత్వం గాలికొదిలేసిందట. నేను వింటూనే ఉన్నాను, వినక చస్తానా. రెండో పేరా సగంలో మరిడమ్మ వచ్చి గడతో సహా నన్ను ఆయన నోటి ముందు నుంచి లాగేసింది. "లాంచీ తియ్యండ్రా!" అని అరిచింది. లాంచీ నడిపే సరంగు అబ్బులుగారి వైపు చూడనైనా చూడలేదు. మంచం ఎక్కించుకుని తోసేశాడు. మరిడమ్మ కూడా ఎక్కింది. నేను బురదలో పడ్డాను. ఏసుపాదం నన్ను తీసి, తుడిచి, మళ్ళీ కట్టాడు.

అబ్బులుగారు లంకలోనే ఉండిపోయారు. చుట్టూ నీళ్ళు, ఏ గట్టూ అందదు. "చేరి ఉంటుందంటారా?" అని కనిపించిన ప్రతివాళ్ళనీ అడుగుతున్నారు. జనార్దనం కాగితం మడిచి లోపల పెట్టుకున్నాడు.

లాంచీ తిరిగి రావడం కనిపించింది. అవతలికి చేరి వచ్చేంత సేపు కాలేదని రేవులో అందరికీ తెలుసు. ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టారు. మరిడమ్మ దిగింది. ఆమె చీర కొంగులో చుట్టి ఒక పసిగుడ్డు ఉంది, కీచుగా ఏడుస్తోంది. మంచం మీద మాలక్ష్మికి మొహందాకా దుప్పటి కప్పేసి ఉంది.

"రెండు పేరాల ముందు బయల్దేరితే..." అని ఏదో అనబోయి సరంగు ఆగిపోయాడు. అబ్బులుగారు దారిలో నిలబడి ఉన్నారు. మరిడమ్మ ఆయన్ని తిట్టలేదు. తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె నేరుగా నా దగ్గరకి వచ్చింది. పిల్ల ఏడుపు నాలోంచి లంకంతా వినపడింది.

"పాలిచ్చే తల్లులెవరన్నా ఉంటే రేవుకి రండమ్మా," అంది మరిడమ్మ. "ఆడపిల్ల. ఆకలితో ఉంది."

అటు పాకల్లోంచి ఒకామె, ఇటు అరటితోటలోంచి మరొకామె వచ్చారు. మూడో ఆమె తన బిడ్డని చంకనేసుకుని, పిండి చేతులతోనే, బురదలో జారుతూ పరుగెత్తుకొచ్చింది. కాలిబాట ఇరుకు. మధ్యలో అబ్బులుగారు అలాగే నిలబడి ఉన్నారు.

"తప్పుకోండి బాబుగారూ, దారికడ్డం," అంది ఆమె.

ఆయన తప్పుకున్నారు.