బిడ్డ తల మీద చెయ్యి

రామకిషన్‌రావు పదో తరగతి పరీక్షకు కూడా ఇంత శ్రద్ధగా తయారై ఉండడు. పొద్దున పళ్లు తోముకోగానే హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. ఎదురుగా అన్న జనార్దన్‌రావు పోలీసు వేషం కడుతున్నాడు. తల్లి రుక్మాబాయికి బీపీ చూసే పట్టీని తమ్ముడి జబ్బకు చుట్టి, గాలి కొట్టి ప్రశ్నలు వేస్తున్నాడు. రామకిషన్‌రావు భార్య జానకి వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అన్నీ వింటోంది.

సోమవారం ఆయన హైదరాబాదు పోవాలి. అక్కడ అబద్ధాన్ని పట్టే మిషన్ ఉందట. ఒంటికి తీగలు తగిలించి ప్రశ్నలు అడుగుతారట. గుండె దడ, ఊపిరి, అరచేతి చెమట అన్నీ కాగితం మీద గీతలై పడతాయట.

ఇదంతా ఆయన నోటి దూలతో వచ్చిన తంటా. ఆ మధ్య తాగి జీతగాడి చెయ్యి విరగ్గొట్టిన కేసులో కోర్టు జైలుకు పంపకుండా, మంచిగా నడుచుకుంటానని పూచీ రాయించుకుని వదిలిపెట్టింది. నెలనెలా ప్రొబేషన్ ఆఫీసరుకు కనిపించాలి. కరీంనగర్‌లో డాక్టరు దగ్గర తాగుడు మానే వైద్యం చేయించుకోవాలి. డాక్టరిచ్చిన మాత్ర మింగి తాగితే పేగులు నోట్లోకొస్తాయి. ఈ లోపల, పత్తి ఏరే రోజుల్లో, ధర్మపురి రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ పోతున్న ముత్తయ్య అనే కూలీని ఏదో జీపు గుద్ది ఆగకుండా పోయింది. ముత్తయ్య అక్కడికక్కడే చనిపోయాడు. పోలీసులు ఇంటికొస్తే రామకిషన్‌రావు రొమ్ము విరుచుకుని, “నేను మందు బంద్ జేసిన. ఏ పరీక్ష పెడతరో పెట్టుకోండ్రి” అన్నాడు. వాళ్లు నిజంగానే సోమవారానికి పెట్టారు. మిషన్ పట్టేసిందంటే ఈ కేసుతోపాటు పాత కేసూ మెడకు చుట్టుకుంటుంది.

ముత్తయ్య పోయిన ఆ సాయంత్రం సంగతి జానకికి తెలుసు. జీపు దిగి మెట్ల మీదే కక్కుకున్న మొగుణ్ని లోపలికి ఈడ్చింది ఆమే. బ్రాందీ, మాత్ర, మధ్యాహ్నం తిన్న మాంసం కలిసిన ఆ కంపును బకెట్లకు బకెట్లు పోసి కడిగిందీ ఆమే. మరునాడు సొట్టపడ్డ జీపు భైంసాలో చుట్టాల షెడ్డుకు పోయింది. పోలీసులు మగవాళ్లను అడిగి పోయారు. లోపల చాయ్ పెడుతున్న ఆడదాన్ని ఎవరడుగుతారు?

“నీ పేరు?”

“రామకిషన్‌రావు.”

“ఆ దినం తాగినవా?”

“తాగలే.”

“జీపు నువ్వే నడిపినవా?”

“నడపలే.”

“ఏందిరా గా గుటకలు?” జనార్దన్‌రావు విసుక్కున్నాడు. “పేరెట్ల చెప్పినవో గట్లనే చెప్పాలె.”

“పట్టి బిగ్గ కట్టినవే. ఆయాసమొస్తుంది.”

“గక్కడ నీకు పూలదండ కడతరా?”

మంచం మీద రుక్మాబాయి దండం పెట్టింది. “ఫికర్ పడకు బిడ్డా. నర్సింహసామికి మొక్కిన. గా మిషన్ కరాబైతే వెండి గొడుగు చేపిస్తనన్న.”

ఈ నెల మాత్రల కోసం మొగుడితోపాటు జానకి కూడా కరీంనగర్ పోయింది. వెంట వచ్చిన బావగారు జనార్దన్‌రావు డాక్టరును పక్కకు పిలిచి, గుండె కొట్టుకోవడం తగ్గే గోలీ ఏమైనా ఉందా అని అడిగాడు. ఆ డాక్టరు ఎగాదిగా చూసి, “మీ తమ్ముడు నా దగ్గరికి తాగుడు మానెటందుకు వస్తుండా, అబద్ధం నేర్చెటందుకు వస్తుండా?” అన్నాడు. తిరుగుదారిలో బస్సులో అన్నదమ్ములిద్దరూ ఆ మాట చెప్పుకుని చెప్పుకుని నవ్వారు.

శనివారం ఒంటిపూట బడి. కూతురు మంజుల వచ్చి పెరుగన్నం తింటోంది. జానకి పెరట్లో బట్టలారేసి లోపలికి వచ్చేసరికి హాల్లో మొగుడి గొంతు వినిపించింది.

“ఇటురా బిడ్డా. జర నా ముందట నిలబడు.”

“చెయ్యి కడుక్కోలే బాపూ.”

“ఏం గాదు, రా.”

జానకి తలుపు దగ్గరే ఆగింది. ఎంగిలి చెయ్యి గాలిలో పట్టుకుని మంజుల నిలబడి ఉంది. ఆ పిల్ల తల మీద రామకిషన్‌రావు అరచెయ్యి ఉంది.

“దీవిస్తున్నవా బాపూ? ఇయ్యాల నా బర్త్‌డే కాదు గదా!”

“ఊకో,” అని జనార్దన్‌రావు మొదలుపెట్టాడు. “తాగినవా?”

“తాగలే.” ఆ చెయ్యి వణికింది.

“మళ్ల చెప్పు. తాగినవా?”

“తాగలే.”

“జీపు నడిపినవా?”

“నడపలే.” ఈసారి చెయ్యి కదల్లేదు. పేరు చెప్పినట్టే చెప్పాడు.

“శాబాష్! కన్నబిడ్డ తల మీద చెయ్యేసి చెప్పినోన్ని ఇగ ఏ మిషన్ పడతది?”

ఒకప్పుడు పేకాటలో తగువొచ్చి, బిడ్డ మీద ఒట్టెయ్యమని మేనబావ అంటే, నా బిడ్డ జోలికి వస్తావా అని అతని చెంప పగలగొట్టిన మనిషి ఈయన. ఒట్టు తప్పితే బిడ్డకు తగులుతుందని నమ్మే మనిషి. నమ్మి కూడా పెట్టాడు ఆ చెయ్యి.

“ఏం జేస్తున్నరు?” అంది జానకి.

“ప్రాక్టీసు,” అన్నాడు రామకిషన్‌రావు ఆమె వైపు చూడకుండా.

“దాని తల మీదనా?”

“గవన్నీ మూఢనమ్మకాలు.”

“మరి మొదాల చెయ్యెందుకు వణికింది?”

రుక్మాబాయి అందుకుంది. “మాట పెంచకే జానకీ. నిమ్మకాయతోని దిష్టి తీస్తే పోతది.”

“ఇంకొక్కపారి పంపమ్మా పొల్లను,” అన్నాడు జనార్దన్‌రావు. “చెయ్యి గిప్పుడే కుదిరింది.”

జానకి బిడ్డ చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది. ఎంగిలి కడిగింది. చెంబుతో నీళ్లు తలమీద కూడా పోయబోయి ఆపింది. నీళ్లతో పోయేదా అది? చెప్పులు తొడిగి, పెరటి దర్వాజా తీసి, బిడ్డతో బస్సు ఆగే చోటికి నడిచింది.

బస్సులో మంజుల మెల్లగా అడిగింది. “అమ్మా, బాపు తాగలే అంటున్నడేంది? గా దినం మెట్ల మీద కక్కిండు గదా. నేను చూసిన.”

జానకి తిరిగి చూసింది. ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ పిల్లకు తెలుసు.

“ఎవలకన్న చెప్పినవా?”

“లేదు. చెప్పొద్దా?”

“నేను చెప్త. నువ్వు నా పక్కకు కూసో.”

స్టేషన్‌లో ఎస్సై ఆమెను గుర్తుపట్టి లేచాడు. “ఏంది మేడం, రావుగారి కోసం వచ్చిండ్రా? సోమారం మిషన్ ఏం చెప్తదో చూద్దాం, పరేషాన్ కాకుండ్రి.”

“నన్నడగండ్రి సారూ,” అంది జానకి, బిడ్డను బెంచీ మీద కూర్చోబెడుతూ. “ముత్తయ్యను గుద్దింది మా ఆయననే. తాగి ఉండె.”