ఏడో నెల ఎనిమిదో తారీఖు

ప్రమీల ఆ మండలం ఆసుపత్రిలో డేటా ఎంట్రీ ఆపరేటరుగా చేరి రెండేళ్లయింది. సొంతూరు కుసుమంచి. కొత్తగూడెం దాటి, అడవిలో ఇంకో గంటన్నర ప్రయాణిస్తే వచ్చే ఆ మండల కేంద్రంలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది. కాంట్రాక్టు ఉద్యోగం. ఆసుపత్రిలో పనిచేసే కంప్యూటరు ఒక్కటే, దాని ముందు కూర్చునే మనిషీ ఒక్కతే. అందుకని దాంట్లో ఏ పని పడినా ఆమె నెత్తినే పడేది.

ఆ ఏడు జూన్ చివర్లో పడిన పని గర్భిణుల జాబితా. వానలు ముదిరాక వాగు అవతలి గూడేలకు దారి ఉండదు. నెలలు నిండుతున్న ఆడవాళ్లను ముందే తీసుకొచ్చి, ఆసుపత్రి వెనక పెద్ద గదిలో కాన్పు అయ్యేదాకా ఉంచుతారు. ఎవరిని ఎప్పుడు తేవాలో తెలియాలంటే కాన్పు తేదీలు వరసగా కావాలి. తేదీలు ఉన్నాయి గానీ అవన్నీ స్లైడ్లలో ఉన్నాయి. మీటింగుల్లో తెరమీద చూపించడానికని ఒక్కో గర్భిణికి ఒక్కో స్లైడు చేసిపెట్టారు. ఫోటో, పేరు, ఊరు, రక్తం ఎంతుందో, కాన్పు ఎప్పుడో. అలా రెండు వందల పన్నెండు. చూడ్డానికి బాగానే ఉంటాయి. జూలైలో కాన్పులు ఎన్నని అడిగితే మాత్రం రెండు వందల పన్నెండూ తిప్పాల్సిందే.

"వీటిని ఎక్సెల్‌లకు ఎక్కియ్యాలె ప్రమీలా, తారీఖుల వారీగ," అంది డాక్టరు శారద. "రెండ్రోజులల్ల అయితదా?"

"చూస్త మేడమ్," అంది ప్రమీల.

చేత్తో ఎక్కిస్తే వారం పడుతుంది. మాక్రో రాస్తే? నాలుగు నెలలుగా ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుంటోంది. చేయాల్సిన పనిని ఒక్కో అడుగుగా రాసిస్తే కంప్యూటరు దాన్నే మళ్లీ మళ్లీ చేసుకుపోతుంది. స్లైడు తెరువు, ఈ బాక్సులో ఉన్న పేరు తీసి షీటులో ఈ గడిలో పెట్టు, ఆ బాక్సులో ఉన్న ఊరు పక్క గడిలో పెట్టు, తర్వాతి స్లైడుకు పో. మొదటిరోజు అది పదిహేడో స్లైడు దగ్గర ఆగిపోయింది. అక్కడ ఎవరో ఊరి పేరు ఫోటో మీదే రాశారు. దాన్ని సరిచేస్తే అరవై నాలుగు దగ్గర మొరాయించింది. రెండోరోజు మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఎడమచేత్తో మళ్లీ నొక్కింది. గడులు పైనుంచి కిందికి నిండుకుంటూ పోయాయి. నిమిషం పట్టలేదు. ముద్ద నమలడం కూడా మరిచిపోయి చూసింది ప్రమీల. చివరి వరస నంబరు రెండు వందల పన్నెండు.

పది స్లైడ్లు తీసి సరిచూసింది. పేర్లు, ఊళ్లు, రక్తం అంకెలు కలిశాయి. తేదీల మీద అంతగా దృష్టి పెట్టలేదు. తేదీల వరసలో పెడితే పైన ఫిబ్రవరివి, మేవి కొన్ని వచ్చాయి. కాన్పు అయిపోయినా స్లైడు తీసేయని వాళ్లవి కాబోలు అనుకుంది.

డాక్టరు ఆ షీటు చూసి, "ఇంత జల్ది ఎట్ల చేసినవ్?" అని కుర్చీ లాక్కుని కూర్చుని మరీ చెప్పించుకుంది. జాబితా అచ్చుతీసి గోడకంటించారు. సోమవారం జీపు వెళ్లి తొమ్మిది మందిని తీసుకొచ్చింది. ఆ మూడు రోజులూ గోడ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా ప్రమీల దానివైపు ఒకసారి చూసుకునేది.

గురువారం జంపక్క వచ్చింది. వాగు అవతలి నాలుగు గూడేలకూ ఆమే ఏఎన్ఎం. ఆ గూడేల్లోనే పుట్టిన కోయ మనిషి, ఇరవై రెండేళ్ల సర్వీసు. టీకాల పెట్టె కోసం వారానికొకసారి వస్తుంది. పెట్టె బల్లమీద పెట్టి, కళ్లజోడు తగిలించుకుని, జాబితా మీద వేలు పెట్టి చదువుతూ పోయింది. ఒకచోట వేలు ఆగింది.

"ప్రమీలా, ఇటు రా బిడ్డా. తండా ఉషారాణికి జూలై పదకొండు అని ఉన్నదేంది? ఆ పిల్లకు ఇప్పుడు ఐదో నెల."

"స్లైడులో ఉన్నదే వచ్చిందక్కా."

"మరి మా ముత్తక్క ఏది? కుంజా ముత్తక్క. వచ్చే మంగళవారం ఆమె తారీఖు." వేలు కిందికి, ఇంకా కిందికి పోయింది. "ఆగస్టు ఏడు అంట. ఆగస్టు దాక ఆ కడుపు ఆగుతదా?"

ప్రమీల కంప్యూటరు దగ్గరికి వెళ్లి ముత్తక్క స్లైడు తెరిచింది. 08/07 అని ఉంది. ఎనిమిది, ఏడో నెల. షీటులో ఏడు, ఎనిమిదో నెల. ఉషారాణిది తెరిచింది. ఏడు, పదకొండో నెల. షీటులో పదకొండు, ఏడో నెల. మాక్రో ముందున్న అంకెను నెలగా తీసుకుంది. పన్నెండు దాటిన అంకె నెల కాలేదు కాబట్టి అలాంటివి సరిగ్గా కూర్చున్నాయి. పన్నెండు లోపువి తిరగబడ్డాయి. ఏది రోజో ఏది నెలో తను దానికి రాసివ్వనే లేదు.

ఇప్పుడు రాసిచ్చింది. గీత దగ్గర విడదీయి, మొదటి ముక్క రోజు, రెండో ముక్క నెల. మళ్లీ నడిపించి, పాత షీటు పక్కన కొత్తది పెట్టి పోల్చింది. డెబ్బై ఎనిమిది తేడాలు. వాటిలో వాగు అవతలివాళ్లు, ఈ పదిహేను రోజుల్లో కాన్పు ఉన్నవాళ్లు నలుగురు.

కొత్త జాబితా అచ్చుతీసి పాతదాని స్థానంలో అంటిస్తే అడిగేవాళ్లు లేరు. జంపక్కకు కూడా రెండు పేర్లే తెలుసు. కాంట్రాక్టు సెప్టెంబరులో మళ్లీ రాయాలి. ప్రమీల ఈ ఆలోచనతో ప్రింటరు దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత రెండు కాగితాలూ పట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్లింది.

"మేడమ్, గోడమీది లిస్టు తప్పు. తప్పు నేనే చేసిన."

డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. ముఖం ఎర్రబడింది గానీ గొంతు పెంచలేదు.

"ముందు ఈ నలుగురిని తెద్దాం. నీ సంగతి తర్వాత."

ముగ్గురి ఊళ్లలో ఆశా కార్యకర్తలకు ఫోన్లు కలిశాయి. ముత్తక్క గూడేనికి సిగ్నల్ లేదు.

"నేను పోత," అంది జంపక్క, టీకాల పెట్టె పక్కకు నెడుతూ.

"నేను కూడ వస్తనక్కా."

"నువ్వెందుకు? నీ చెప్పులు జూస్కో."

అయినా ప్రమీల జీపెక్కింది. డ్రైవరు బిచ్యా వాగు దాకా తీసుకెళ్లాడు. నీళ్లు ఎర్రగా, మోకాళ్ల లోతున ఉన్నాయి. ప్రమీల జంపక్క చెయ్యి పట్టుకుని దాటింది. ఆ చెప్పులు వాగు ఒడ్డునే తెగిపోయాయి. మిగిలిన మూడు కిలోమీటర్లు ఒట్టికాళ్లతో నడిచింది.

ముత్తక్క అరుగు మీద కూర్చుని విత్తనాల జొన్నలు చెరుగుతోంది. నాలుగేళ్ల కూతురు పక్కన కూర్చుని రాలిన గింజలు ఏరుతోంది. జంపక్క, ముత్తక్క కోయలో మాట్లాడుకున్నారు. ప్రమీలకు అందులో ఆగస్టు అన్న మాట ఒక్కటే తెలిసింది. కాసేపటికి ముత్తక్క ఆమెవైపు తిరిగి తెలుగులో చెప్పింది.

"నొప్పులు మొన్నటిసంది వస్తున్నయ్, పోతున్నయ్. జీపోళ్లు వచ్చి పక్కింటామెను తోల్కపోయిండ్రు. నా సంగతి అడిగితే నీది ఆగస్టు, కంప్యూటరుల ఉన్నదన్నరు. నేనే లెక్క తప్పిననుకున్న."

అనుమానం రావలసింది జాబితా మీద. ఈమె తన మీదే తెచ్చుకుంది. ప్రమీల ఒక అడుగు ముందుకు వేసింది.

"నువ్వు తప్పలేదక్కా. నీ లెక్కే సరైంది. తప్పు రాసింది నేను."

ముత్తక్క ఆమెను, బురద కాళ్లను చూసింది. "గట్లనా," అంది. చేట పక్కన పెట్టి, నడుము పట్టుకుని లేచింది. "అయితే ఆ దండెం మీది చీరలు మడతపెట్టు. పాప గౌను సుత తియ్యి."

ప్రమీల బట్టలన్నీ మూటగట్టింది. చేను నుంచి వచ్చిన దూలయ్య, ముత్తక్క భర్త, కూతుర్ని భుజానికెత్తుకున్నాడు. ముత్తక్క మెల్లగా నడిచింది. నొప్పి వచ్చినప్పుడు నిలబడి, పోయాక మళ్లీ నడిచింది. రెండుసార్లు ప్రమీల భుజం పట్టుకుంది, గట్టిగా.

వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు నడుము దాకా పెరిగాయి. ఇది గమనించే బిచ్యా తన ఒడ్డున ఉన్న తండాకు వెళ్లి, లాలు అనే రైతు ట్రాక్టరును తెప్పించి పెట్టాడు. అందరూ తొట్టెలో కూర్చుని, ఒకరినొకరు పట్టుకుని దాటారు. పొద్దు ఉండగానే ఆసుపత్రికి చేరారు. మిగిలిన ముగ్గురూ అప్పటికే వచ్చి ఉన్నారు.

శనివారం నుంచి నాలుగు రోజులు వాగు దారి మూతపడింది. ఆదివారం పొద్దున ముత్తక్కకు రెండో ఆడపిల్ల పుట్టింది. పుట్టాక రక్తం ఎక్కువే పోయింది. డాక్టరు, నర్సు రెండు గంటలు ఆమె దగ్గర నుంచి కదల్లేదు. గూడెంలో ఉంటే ఏమయ్యేదో ఎవరూ అనలేదు. ప్రమీల మాత్రం ఆ రోజు అన్నం తినలేకపోయింది.

సోమవారం ధైర్యం చేసి చూడ్డానికి వెళ్లింది. ముత్తక్క పాలిస్తోంది. ముఖం పాలిపోయి ఉన్నా కళ్లలో నవ్వు ఉంది.

"దీని పేరు సుత కంప్యూటరుల రాస్తవా?"

"రాస్తనక్కా. పుట్టిన తారీఖు ఆరు, ఏడో నెల."

"ఏడు, ఆరో నెల కాదు గద," అంది ముత్తక్క. పక్క మంచాల మీది ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డుపెట్టుకున్నారు. ప్రమీలకు కూడా నవ్వొచ్చింది, గురువారం తర్వాత మొదటిసారి.

ఆ మధ్యాహ్నం డాక్టరు పిలిచింది. ఏం చెబుతుందోనని తలుపు దగ్గరే నిలబడింది ప్రమీల.

"కూసో. నాకు కోపం రాలేదనుకుంటున్నవేమో. వచ్చింది." "కానీ ఆ లిస్టు నేను సుత చూసిన. అచ్చు తీయమన్నది నేనే. ఐదో నెల పిల్ల జూలై లిస్టుల ఎట్లుంటదని నాకు తట్టలేదు."

"ఇంక చేత్తోనే ఎక్కిస్త మేడమ్."

"చేత్తో ఎక్కిస్తే నూట యాభైయో స్లైడు కాడ నిద్రొస్తది. మాక్రోనే నడిపియ్యి. కాకపోతే గోడకు అంటించకముందు ఏఎన్ఎంలకు చదివి వినిపియ్యి. ఆళ్లు అవ్ అన్నంకనే అచ్చు."

ప్రమీల షీటులో ఇంకో నిలువు వరస పెంచింది. స్లైడులో తేదీ ఎలా ఉందో అలాగే, పక్కన రోజు, నెల పేరుతో సహా. ఆ గురువారం ఏఎన్ఎంలు ఐదుగురూ కంప్యూటరు గదిలో బల్ల చుట్టూ కూర్చున్నారు. ప్రమీల ఒక్కో పేరూ, ఊరూ, తేదీ పైకి చదువుతోంది. జంపక్క కళ్లు మూసుకుని వింటూ, తన గూడేల పేర్లు వచ్చినప్పుడు "అవ్" అంటోంది.

నలభై మూడో పేరు దగ్గర ఆమె చెయ్యెత్తింది.

"ఆగు బిడ్డా. ఆ పిల్ల పుట్టింటికి పోయి వారమైతుంది. ఊరు మార్చు."

"ఏ ఊరక్కా?"

జంపక్క చెప్పింది. ప్రమీల ఊరు మార్చి, నలభై నాలుగో పేరు చదివింది.