మారెన్న నడుము

పదమూడో చుట్టులో బిందె తొణికి, నీళ్లు మారెన్న చెవి వెనకనుంచి మెడలోకి జారాయి. అతడు ఆగలేదు. పెరట్లో పరిచిన బేతంచెర్ల బండల మీద, చేతులు రెండూ వదిలేసి, గడ్డం కొంచెం ఎత్తి, కాళ్లు ఆనించే రికాబులు లేని గుర్రం మీద కూర్చున్నవాడిలా మోకాళ్లు కాస్త వంచి నడుస్తున్నాడు. నలభై ఒక్కేళ్ల మనిషి. ఎద్దు మూపురంలాంటి భుజాలు. మూడేళ్లుగా మంత్రుల గేట్ల దగ్గర నిలబడిన ఉద్యోగం మాత్రం నడుం దగ్గర ఒక మెత్తటి మడత వేసిపెట్టింది. బిందె కింద చుట్టకుదురు ఖాకీది. అతని పాత తలపాగా చింపి భీమక్క చుట్టి ఇచ్చింది.

మారెన్న గుర్రపు పోలీసు. కస్తూరి అనే గోధుమరంగు ఆడగుర్రం తొమ్మిదేళ్లుగా అతని చేతిలోనే ఉంది. ఇప్పుడు రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదుకు పోతోంది, దాంతోపాటు గుర్రాలూ పోతున్నాయి. మనుషుల్లో మాత్రం పరీక్ష పాసైనవాళ్లే పోవాలి. తప్పినవాళ్లకు బేతంచెర్ల పోలీసు స్టేషను, కాలినడక. ఆ పరీక్ష ఈరోజు పదిగంటలకు.

పరీక్షలో పెద్ద చిక్కు దుల్కీ నడక. గుర్రం ఎగిరెగిరి వేసే ఆ నడకలో రికాబులు లేకుండా మైదానం మూడుసార్లు చుట్టి రావాలి. మారెన్న గుర్రంతోపాటు ఎగరడు. గుర్రం దిగేటప్పుడు ఇతను ఎగురుతాడు. ఆ దెబ్బలకు జీను కింద కస్తూరి వీపు మీద అరచేతంత పుండు పడింది. సవారీ నేర్పే హవల్దారు దస్తగిరి సాబు రెండు నెలల కిందట ఆ పుండు చూసి అన్నాడు: "ఎక్కినాక కాదప్పా, దిగినాక తయారు కావాల. ముందు నేలమీద నీ కమర్ బాగు చేసుకో."

నడుం బాగు చేసుకోవడమంటే మారెన్నకు తెలిసింది ఒక్కటే. పత్తికొండ పక్కన వాళ్ల ఊళ్లో ఉగాదినాడు గుండెత్తడం. ఇరవై ఏళ్లప్పుడు ఆరు మణుగుల గుండురాయిని భుజానికెత్తి ఊరి చేత ఈలలు వేయించాడు. ఈ ఉద్యోగం కూడా ఆ భుజాలు చూసి ఇచ్చిందే. అందుకని ఎక్కడినుంచో అలాంటి గుండే ఒకటి దొర్లించుకొచ్చి నెలరోజులు ఎత్తాడు. భుజాలు ఇంకా లావయ్యాయి, నడుము ఇంకా బిగిసింది, పుండు ఇంకా పెద్దదైంది.

అప్పుడొకరోజు భీమక్క తుంగభద్ర నుంచి నీళ్లు తెస్తుంటే చూశాడు. తల మీద రెండు బిందెలు, చంకలో ఒకటి. వెనక్కి తిరిగి ఎవరినో తిడుతోంది, మురికికాలవ దాటుతోంది, జారిన కొంగు లాక్కుంటోంది. చుక్క కిందపడలేదు.

"మే, అదెట్లా మోస్తాండావు?"

"పదహారేండ్లు కాపురం చేసి ఇప్పుడు సూస్తాండావా నా నడుము?" అంది భీమక్క. ఆ తర్వాత జాలిపడి చెప్పింది. "బిగబట్టగాకు. నడుమును దాని పాటికి దాన్ని ఆడనీ. తల ఊరికే ఉంటాది."

మూడు వారాలు మోశాడు. మొన్న సోమవారం దస్తగిరి సాబు అతని సవారీ చూసి బాగుందన్నట్టు తల ఊపాడు. పుండు పొక్కు కట్టింది.

పద్నాలుగో చుట్టు మొదలయ్యేసరికి గోడమీద ఒక తల లేచింది. పక్కింటి గాబ్రియేలు. అతనిదీ గుర్రపు కొలువే, అతనికీ ఈరోజే పరీక్ష.

"ఏమప్పా మారెన్నా, ఏటికాడికి ఏ చీర కట్టుకోని పోతాండావు?"

మారెన్న బిందె దించాడు. చుట్టకుదురు గోడమీద పడేశాడు. పెరటి మూలనున్న గుండు దగ్గరికి వెళ్లి, గాబ్రియేలు చూస్తుండగా భుజానికెత్తాడు. గాబ్రియేలు లోపలికి పోయాక కూడా ఎత్తాడు.

భీమక్క చెంబుతో బయటికొచ్చింది. "ఈ పొద్దు దాన్ని ముట్టుకోవద్దంటి గదా."

"నువ్వు లోపలికి పో," అన్నాడు మారెన్న. ఇరవైసార్లు ఎత్తాడు.

పదిగంటలకు మొదటి చుట్టు బాగానే గడిచింది. రెండో చుట్టులో నడుము గొళ్లెం పడ్డట్టు పట్టేసింది. కస్తూరి చెవులు వెనక్కి వేసింది. మూడో చుట్టులో అతడు జీను ముందుకొమ్ము పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు తప్పినట్టే.

దస్తగిరి సాబు దగ్గరికొచ్చాడు. "సోమవారం కూర్చున్న మనిషి యాడికి పోయినాడప్పా?"

"పొద్దున గుండెత్తినా సాబూ."

"ఎందుకు?"

మారెన్న కస్తూరి మెడ మీది చెమట తుడిచాడు. "ధైర్యానికి."

దస్తగిరి సాబు కాగితం మీద ఏదో రాసి, టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

సాయంత్రం రైలుస్టేషనులో గుర్రాలను గూడ్సు పెట్టెల్లోకి ఎక్కిస్తున్నారు. కస్తూరి పెట్టెకు ఆనించిన పలక మీద కాలు పెట్టనంది. నలుగురు లాగారు. చివరికి మారెన్ననే పిలిచారు. అతడు మూతి మీద చెయ్యి వేసి ముందు నడిస్తే వెనకే ఎక్కింది. లోపల పుండు మీద వేలితో మెల్లగా తడిమి చూశాడు. ఎండిన పొక్కు పొద్దున సవారీలో లేచిపోయి, కింద మళ్లీ తడి. తాడు కట్టి, గడ్డి దగ్గరికి జరిపి, దిగాడు.

పక్కనే గాబ్రియేలు పెళ్లాం రాహేలమ్మ మూటలు దించుకుంటోంది. వాళ్లాయన పాసయ్యాడు.

"అంతా నీ పుణ్యమే మారెన్నా," అంది మనసారా. "గోడ మీదనుంచి రోజూ నిన్ను సూసి, మా ఆయన గూడా తలుపేసుకోని పదైదు దినాలు బిందె మోసినాడు. ఈ పొద్దు గూడా మోసినాడు."

గాబ్రియేలు ట్రంకుపెట్టె తాళం రెండోసారి సరిచూసుకుంటున్నాడు.

"మంచిదమ్మా," అన్నాడు మారెన్న.

బండి కదిలింది. కస్తూరి ఎక్కిన పెట్టె లోపలినుంచి గిట్టలు రెండుసార్లు చెక్కను తన్నిన చప్పుడు వినిపించింది, ఆ తర్వాత లేదు.

ఇంటికొచ్చేసరికి భీమక్క ఏటికి పోయింది. పెరట్లో గోడమీద ఖాకీ చుట్టకుదురు ఎండకు గట్టిపడి ఉంది, నడిమధ్య తల ఆనిన గుంట అట్లాగే ఉంది. దాని మడతలో, తలపాగాగా ఉన్నప్పుడెప్పుడో చిక్కుకున్న గోధుమరంగు వెంట్రుక ఒకటి గాలికి కదులుతోంది.