పొట్ట పలికింది

సెలవులకు సికిహోర్ దీవికి వెళ్తే, తిండికని దాచిన పెసోలన్నీ మా ఆయన రోడెల్ దిగిన రోజే రొయ్యలకు తగలేశాడు. తిరుగు ప్రయాణం నాటికి పడవ చార్జీ మాత్రమే మిగిలింది.

సికిహోర్ రేవులో కాల్చిన చేపతో అన్నం తింటున్న ఒక అవ్వ, "రండి, తిందాం" అంది. తినేటప్పుడు ఎవరు ఎదురైనా మా దేశంలో అలాగే అంటారు. వద్దనడమే మర్యాద.

"ఇప్పుడే తిన్నామవ్వా" అన్నాడు రోడెల్ దర్జాగా. ఆ వెంటనే అతని పొట్ట గుర్రుమంది.

నాకు ఒళ్లు మండింది. "నీ మర్యాద నువ్వే తిను!" అని అవ్వ పక్కన చతికిలబడ్డాను. మొదటి ముద్దతోనే ప్రాణం లేచొచ్చింది.

అవ్వ రోడెల్ వైపు తిరిగింది. "నేను పిలిచింది నీ నోటిని కాదు నాయనా, పొట్టని. అది పలికిందిగా, కూర్చో."